తివాచీలో ఉన్నది మేక కాదు

"ఇల్లంతా తడిసిన కుక్క వాసన కొడుతోంది నాన్నా! లిఫ్టు దిగగానే తెలిసిపోతోంది, మనిల్లు ఎటువైపో!"

"చూశావా, నువ్వూ కుక్కే అన్నావు. కాదు."

"నేనన్నది వాసన సంగతి. దాని సంగతి కాదు!"

"మనసులో కుక్క ఉంటేనే నోటికి కుక్క వస్తుంది. కాదంటే కాదు. ఇవాళ్టికి నీ ఛాన్సు అయిపోయింది."

"నాకే ఛాన్సూ వద్దు. ఉతికేవాళ్ళకి ఫోన్ చేశాను, దారిలో ఉన్నారు. ఆ తివాచీ ఇవాళ ఈ గుమ్మం దాటాల్సిందే."

"అది దాటితే నేనూ దాటతాను. ఇద్దర్నీ కలిపి ఉతికించెయ్."

ఉతికేవాళ్ళంటే నేనే. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో ఒక పాత ఫ్లాట్ల బ్లాకు, పై అంతస్తు కారిడార్లో, ఇనుప గేటు బయట, చెప్పుల స్టాండు పక్కన, భుజాన తాళ్ళ చుట్టతో నిలబడి ఇదంతా విన్నాను. బెల్లు కొట్టబోయి చెయ్యి దించేశాను. మా ఇంట్లో కాకుండా ఇంకొకళ్ళింట్లో గొడవ జరుగుతుంటే వినడం నా ఆరోగ్యానికి మంచిది.

చివరికి బెల్లు కొట్టాను. గేటు తీసినాయన కింద పంచె, పైన ఎవరో పరిగెత్తి సంపాదించుకున్న మారథాన్ టీషర్టు వేసుకుని ఉన్నాడు. నా పేరడగలేదు. మీదే ఊరనీ, ఏం చదివావనీ అడగలేదు. రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కుపోయి, నేల మీద పరిచిన తివాచీలో ఒక మూలని కాలి బొటనవేలితో చూపించాడు.

"ఇదేంటి?"

"తివాచీ అండీ."

"అది మా వీధిలో పిల్లులకి కూడా తెలుసు. ఈ మూలనున్న జంతువేంటి?"

వంగి చూశాను. నాలుగు కాళ్ళున్నాయి. ఐదోది కాలో తోకో తేలలేదు. "గొర్రె?"

"కాదు," అన్నాడు, భోజనం చేసి లేచినంత తృప్తిగా.

ఆయనే విశ్వేశ్వరరావు అంకుల్. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ ఆ తివాచీ ముందు నిలబెట్టి, ఆ మూలనున్న జంతువేంటో చెప్పమంటాడు. ఏం చెప్పినా కాదంటాడు. అసలేంటో చచ్చినా చెప్పడు. ఈ పిచ్చి తప్పిస్తే ఆయనంత మామూలు మనిషి సింగపూర్‌లో ఇంకొకడు దొరకడు. కానీ ఈ పిచ్చి తప్పించడం ఎవరి తరం కాలేదు.

నా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ ఆ గొడవ ఉండదు. ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో తివాచీలు ఉతికే షాపులో పనిచేస్తున్నాను. అంతకుముందు యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివాను. మానేశాను. ఇంతకన్నా వివరం కావాల్సినవాళ్ళు బూన్ లే వెళ్ళి మా నాన్ననడగండి. అడగకపోయినా చెబుతాడు.

మా తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఏం చేస్తున్నారని, రెండోది పర్మనెంట్ రెసిడెంటా సిటిజనా అని, మూడోది కాండోనా ప్రభుత్వం ఫ్లాటా అని. నా దగ్గర మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. "ఓ... తివాచీలా!" అని, దగ్గు మందు తాగినట్టు మొహం పెట్టి, సమోసాల వైపు నడిచిపోతారు. అలాంటి నన్ను మనిషిగా గుర్తించి, నా అభిప్రాయం ఒకటి అడిగి, అది తప్పని తేల్చిన మొదటి పెద్దమనిషి ఈయన. మా నాన్న అభిప్రాయం అడక్కుండానే తేలుస్తాడు.

ఆ రోజు తివాచీ గుమ్మం దాటలేదు. ఆయన దాని మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన కూతురు స్పందన నాకు సారీ చెప్పి, కాఫీ ఇచ్చి పంపించింది.

ఆ తివాచీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన వందల తివాచీల్లో నాకు బుర్ర తిరిగింది దానితోనే. బలూచీ తివాచీ. బలూచ్ సంచారజాతుల ఆడవాళ్ళు నేల మీద మగ్గం పరిచి, చేత్తో ముడి మీద ముడి వేసి నేసింది. అలాంటివి ఎక్కువగా గళ్ళూ నక్షత్రాలతో ఉంటాయి. ఇందులో బొమ్మలున్నాయి. ఒక చెట్టు, దాని మీద చెట్టంత పిట్ట. తలకన్నా పెద్ద చెవిపోగులు పెట్టుకున్న ఆడమనిషి. టీ కూజా పట్టుకున్న మగమనిషి, కూజా ఆయన నడుం దాకా ఉంది. రెండు ఒంటెలు. అందులో ఒకటి నడుం దాకా ఎరుపు, కింద నీలం. ఎర్ర ఉన్ని అయిపోయినట్టుంది, నేసినావిడ ఆగలేదు. ఆ ధైర్యం నాకు నచ్చింది. ఇక కింద కుడి మూలన, ఉన్ని అరిగి, ఏళ్ళ దుమ్ము పట్టి, ఆ జంతువు.

అంకుల్ ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరి, పెళ్ళి చేసుకుని, కాపురం పెట్టినప్పుడు ఇంట్లో కుర్చీ కూడా లేదట. మంచం కొనడానికి కమలాదేవి ఆంటీని తీసుకుని బయల్దేరాడు. దారిలో అరబ్ స్ట్రీట్‌లో ఒక తివాచీల కొట్టు ముందు ఆవిడ ఆగిపోయింది. మంచం తర్వాత కొనుక్కుందామంది.

"తర్వాతంటే ఎప్పుడనుకున్నావు?" అనేవాడు అంకుల్. "స్పందన కడుపులో పడ్డాక! అప్పటిదాకా ఆ రెండు ఒంటెల మధ్యే పడుకున్నాను. ఎడమ పక్కకి తిరిగితే ఈ టీ కూజావాడు."

ఆంటీ తివాచీ మీదే కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతూ ఈ కథ వినేది, తనకి కూడా కొత్తయినట్టు. నన్ను మొదటిరోజు శ్యాంసుందర్ అని పిలిచింది. నా పేరు నిశాంత్. రెండోసారి వెళ్తే గోపీకృష్ణ అంది. ఆంటీలందరూ కుర్రాళ్ళ పేర్లు కలిపి కూర వండేస్తారు కదా అని నేను పట్టించుకోలేదు. పైగా మా ఇంట్లో నాకున్న పేర్లకన్నా రెండూ మర్యాదగానే ఉన్నాయి.

రెండోసారి ఎందుకు వెళ్ళానంటే, స్పందన మళ్ళీ బుక్ చేసింది. మళ్ళీ ఈయన తివాచీ మీద కూర్చున్నాడు. మూడోసారీ అంతే. నాలుగోసారికి మా బాసు, "ఆ ఇంటికి నువ్వు తివాచీ కోసం వెళ్తున్నావా, తిండి కోసం వెళ్తున్నావా?" అన్నాడు. అబద్ధం ఎందుకు, రెంటికీ కాదు. నాకు ఆ జంతువు కావాలి. బస్సులో, షాపులో, స్నానం చేస్తూ దాని గురించే ఆలోచించేవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక పెద్దమనిషి నా మొహం చూసి "అవును, కరెక్టు" అనాలి. యూనివర్సిటీ ఎటూ అనలేదు.

"నక్క."

"కాదు."

"ముంగిస."

"కాదు. ముంగిసకి అంత పొగరు ఉండదు."

"కడుపుతో ఉన్న గాడిద."

"కాదు. కానీ నీ ఊహ పెరుగుతోంది రా, నిశాంతూ."

నేనొక్కణ్ణే కాదు. అల్లుడు అభిజిత్ పెద్ద బ్యాంకులో వైస్ ప్రెసిడెంటు. ఆయన ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, తివాచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "మావయ్యగారూ, ఎలిమినేషన్ మెథడ్‌లో వెళ్దాం. కొమ్ముల్లేవు కాబట్టి పశువు కాదు. జూలు లేదు కాబట్టి గుర్రం కాదు. కాబట్టి చిరుతపులి," అన్నాడు.

"కాదు అల్లుడుగారూ."

ఆయన ఊరుకోకుండా ఫోను తీసి, ఫోటో కొట్టి, అందులో ఉన్న తెలివినంతా అడిగాడు. ఫోను కాసేపు ఆలోచించి "దుప్పటి" అంది. అంకుల్ ఆనందం చూడాలి. పక్కింటి మిసెస్ లిమ్‌ని పిలిచి మరీ చెప్పాడు. ఆవిడ "ఐ టెల్ యూ ఆల్రెడీ, డ్రాగన్ లా!" అంది, ఈ ఊళ్ళో ప్రతి మాటకీ తోకలా తగిలించే "లా"తో సహా. "నో, మిసెస్ లిమ్." "వై ఎవ్రీ టైమ్ నో వన్?" అని విసుక్కుంటూ, తెచ్చిన కమలాపళ్ళు ఇచ్చి వెళ్ళింది. మనవరాలు దీక్షితది ఎప్పుడూ ఒకటే జవాబు. "యూనికార్న్ లా, తాతా." "కాదమ్మా." "యూ ఆర్ సో మీన్!" అని సోఫా వెనక్కి పోయేది.

ఓబయ్య అని కడపవైపు మనిషి, షిప్‌యార్డులో పని, సెలవు రోజుల్లో పప్పన్నానికి వస్తాడు. ఆయన నమ్మకంగా తల ఊపాడు. "ఇది మేక సామీ. మేకల్లోనే పుట్టి మేకల్లోనే పెరిగినోణ్ణి, నాకు దెలీదా?"

"కాదు."

"అంచుకు గుట్టింది కూడా మేకబొచ్చే గద సామీ!"

"అంచు మేకదే. జంతువు మేక కాదు."

ఓబయ్య అలిగి మజ్జిగ తాగకుండా కూర్చున్నాడు. అసలు మంట అక్కడ కాదు. తువ్వాళ్ళు మడతపెడుతున్న ఆంటీ తలెత్తి, "మేకే కదండీ?" అంది. వెంటనే అంకుల్ మొహం వెలిగిపోయింది.

"దగ్గరికొచ్చావు కమలా! చాలా దగ్గరికొచ్చావు!"

"ఇదేందిది సామీ!" ఓబయ్య లేచి నిలబడ్డాడు. "నేను జెప్తే కాదు, అమ్మ జెప్తే దగ్గరికొచ్చిందా? ఇద్దరం జెప్పింది అదే మేకను గదా!"

"నువ్వు తెలుసనుకుని చెప్పావు. ఆవిడ చూసి చెప్పింది."

ఇదీ ఆ ఇంటి న్యాయం. మేమెంత బుర్ర బద్దలుకొట్టుకున్నా "కాదు." ఆంటీ ఏమన్నా "దగ్గరికొచ్చావు." ఒకరోజు ఆవిడ "ఇస్త్రీపెట్టె" అంది. దానికీ దగ్గరికొచ్చావనే అన్నాడు. అభిజిత్‌కి ఒళ్ళు మండింది.

"మావయ్యగారూ, ఇస్త్రీపెట్టె ఎలా దగ్గరవుతుందండీ? నేను కనీసం ప్రాణమున్నదాన్ని చెప్పాను!"

"ప్రాణమున్నదానికి ఒళ్ళు వెచ్చగా ఉంటుందా, ఉండదా అల్లుడుగారూ? ఇస్త్రీపెట్టె కూడా వెచ్చగానే ఉంటుంది. మీ అత్తయ్య ఆ దారిలో వచ్చింది."

అందరం నవ్వాం. ఆంటీ అందరికన్నా గట్టిగా నవ్వింది. భార్య మీద ప్రేమ ఇలా పబ్లిగ్గా చూపించడం ముసలితనంలో వచ్చే జబ్బేమోననుకున్నాను. స్పందన మాత్రం నవ్వలేదు. నన్ను లిఫ్టు దాకా సాగనంపుతూ, "ఆయనకి ప్రతిదీ ఆటే నిశాంత్. అమ్మని కూడా రోజూ అడుగుతారు. ఆపమంటే వినరు," అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది. నాకెందుకని లిఫ్టెక్కేశాను.

నిజానికి ఆ ఇల్లు నాకు నచ్చడానికి కారణం ఒకటుంది. మా ఇంట్లో తప్పు నేనొక్కణ్ణే. ఇక్కడ అందరూ తప్పే. వైస్ ప్రెసిడెంటూ తప్పే, షిప్‌యార్డు మనిషీ తప్పే, ఫోను కూడా తప్పే. బూన్ లే నుంచి వుడ్‌ల్యాండ్స్‌కి రైలెక్కి అంత దూరం వెళ్ళేది ఆ హాయి కోసమే.

తివాచీ చివరికి గుమ్మం దాటింది దీక్షిత పుణ్యాన. పెద్ద కప్పు నిండా మైలో చాక్లెట్ పాలు పట్టుకుని యూనికార్న్ మీద డాన్సు చేసింది. కప్పు చెయ్యి జారింది. మైలో, పాలు, పంచదార, అంతా ఒంటెల మీద. ఈ ఊరి ఉక్కలో పాలు పడ్డ ఉన్నిని రెండ్రోజులు వదిలేస్తే తర్వాత ఉతకడానికి కాదు, పారేయడానికి పిలవాలి.

అంకుల్ ఈసారి తివాచీ మీద కూర్చోలేదు. నేను చుడుతుంటే పక్కనే నిలబడ్డాడు, ఆపరేషన్ గదిలోకి మనిషిని పంపుతున్నట్టు.

"ఒరేయ్, మరీ శుభ్రంగా ఉతక్కు."

నా ఉద్యోగంలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. "అంటే?"

"మైలో పోతే చాలు. పాత మురికి ఉండనీ. ఆ మూల జోలికి అసలు వెళ్ళకు."

"మురికి కోసమేనా ఇన్నాళ్ళూ అడ్డంపడ్డారు?"

"ఎప్పుడిస్తావు? అది చెప్పు."

"ఆరడానికి వారం పడుతుంది."

"వారమా!" ఆయన సోఫాలో కూలబడ్డాడు. "వారం పాటు ఏం చెయ్యనురా?"

ఆంటీ ఖాళీ అయిన నేల వైపు చూసి, "ఇక్కడేదో ఉండాలి కదండీ?" అంది.

మర్నాటి నుంచి ఫోన్లు. "ఆరిందా?" "లేదంకుల్." "తడిగా ఉన్నా ఫరవాలేదు, తెచ్చెయ్." "బూజు పడుతుందంకుల్." "పడనీ." తివాచీ మీద బెంగతో ముసలాయన చిక్కిపోతున్నాడని షాపులో చెప్పి నవ్వాను. మా బాసు కూడా నవ్వాడు. మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే.

ఇక ఉతికిన సంగతి. దుమ్ము దులిపి, తడి తెల్లగుడ్డతో అద్ది రంగు కారడం లేదని చూసుకుని, చన్నీళ్ళు, మెత్తటి సబ్బు. మైలో పోయింది. ఆ మూల కూడా ఉతికాను, వద్దన్నవాటిని చేయడం నా అలవాటు. ఏమీ తేలలేదు. ఉన్నే అరిగిపోయిన చోట ఉతికితే ఏం తేలుతుంది? వెనకవైపు కడగడానికి ఇద్దరం పట్టుకుని తిప్పేశాం.

చేత్తో ముడేసిన తివాచీ సంగతి మా షాపులో చేరిన మొదటి వారమే నేర్చుకున్నాను. మనం తొక్కేది పైన ఉన్ని. బొమ్మ మాత్రం వెనకవైపు కూడా ఉంటుంది, ముడి ముడికీ లెక్కగా. పైన ఎంత అరిగినా వెనక చెక్కుచెదరదు. అన్ని నెలలు ఆ మూల ముందు సాష్టాంగపడ్డాను కానీ ఒక్కసారి అంచెత్తి చూడాలని తట్టలేదు. ఆయన ఎప్పుడూ దాని మీదే కూర్చునేవాడు మరి.

వంగి చూశాను. కళ్ళూ చెవులూ తోకా అన్నీ ఉన్నాయి. సందేహం లేదు. ఇంత తేలికా అనిపించింది. సబ్బు నీళ్ళలో కూర్చుండిపోయి నవ్వాను.

అదేంటో ఇక్కడ రాయను. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

సరిగ్గా తిరిగివ్వాల్సిన రోజే వాళ్ళ పెళ్ళిరోజట. స్పందన భోజనాలు పెట్టింది. నేను తివాచీ భుజానేసుకుని లిఫ్టు దిగేసరికి కారిడార్ నిండా చెప్పులు, లోపల జనం, పులిహోర వాసన. దారంతా నేను రిహార్సల్ చేసుకుంటూ వచ్చాను. పరుస్తాను. ఆయన అడుగుతాడు. కాసేపు ఆలోచించినట్టు గడ్డం గోక్కుంటాను. తర్వాత చెబుతాను. అందరి ముందూ. అక్కడున్నవాళ్ళలో సగం మంది మా నాన్నకి తెలుసు. సాయంత్రానికల్లా బూన్ లే చేరుతుంది.

గేటు దగ్గరే ఆగిపోయాను. లోపల ఇంకో ఆట జరుగుతోంది.

భువన ఆంటీ అని ఒకావిడ ఉంది. మా వాళ్ళ ప్రతి కార్యక్రమంలోనూ మైకు ఆవిడదే. మైకు లేకపోయినా గొంతు మైకులోనే ఉంటుంది. ఆవిడ కమలాదేవి ఆంటీ ముందు గొంతుక్కూర్చుని, గడ్డం పట్టుకుని ఊపుతోంది.

"ఆంటీ, నేనెవరో చెప్పండి చూద్దాం?"

ఆంటీ నవ్వింది.

"నవ్వితే కాదు, పేరు చెప్పాలి! పోయినేడు మీ చేతి గారెలు తిన్నాను కూడా. గుర్తులేదా? అయ్యయ్యో, నన్నే మర్చిపోయారా!"

ఇంకొకాయన వెనకనుంచి వంగాడు. "సరే, నేనెవరండీ? క్లూ ఇస్తా. జురాంగ్‌లో ఉంటాను!"

"ఈ చీరెవరు పెట్టారాంటీ? ఇవాళేం వారం?"

ఆంటీ మొహం మీద నవ్వు అలాగే ఉంది. ఎవరో అక్కడ పెట్టి తీయడం మర్చిపోయిన నవ్వు. చేతులు మాత్రం చీర చెంగుని తువ్వాలులా మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ మడతపెడుతున్నాయి. శ్యాంసుందర్ ఎందుకో, గోపీకృష్ణ ఎందుకో, ఇస్త్రీపెట్టె ఎందుకో నాకప్పుడు తెలిసింది.

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అదే నా బాధ. చెడ్డవాళ్ళయితే తిట్టి పోవచ్చు. ప్రేమగా వచ్చారు, స్వీటు డబ్బాలు తెచ్చారు. మా వాళ్ళకి పేరు మర్చిపోయిన మనిషి కనబడితే తమ పేరు చెప్పడం రాదు. పరీక్ష పెట్టడమే వచ్చు. పాసైతే చప్పట్లు, లేకపోతే "అయ్యయ్యో." ఆ "అయ్యయ్యో" నాకు బాగా తెలుసు. నా చదువు గురించి అడిగినప్పుడు అదే రాగంలో అంటారు.

అంకుల్ ఆ గుంపుని చీల్చుకుంటూ వచ్చాడు. చేతిలో గోడ మీంచి పీకిన క్యాలెండరు. "ముందు మీరు చెప్పండి! ఇదేంటి? ఈ బొమ్మలో ఏంటిది?"

"వినాయకుడండీ," అన్నారు అందరూ ఒకేసారి.

"ఇది?"

"ఎలక."

ఆయన చెయ్యి కిందికి జారిపోయింది. అందరూ కరెక్టే. గదిలో తప్పు ఆంటీ ఒక్కతే. భువన ఆంటీ మళ్ళీ గడ్డం పట్టుకుంది. అంకుల్ తలెత్తాడు, గేటు దగ్గర నన్ను చూశాడు. నా భుజం మీద తివాచీని చూశాడు. మునిగిపోతున్న మనిషి పడవని చూసినట్టు చూశాడు.

"పరచరా!" అని అరిచాడు.

జనం పక్కకి జరిగేలోపే విసిరాను. జురాంగ్ ఆయన కాళ్ళ మీదుగా దొర్లుకుంటూ వెళ్ళి పరుచుకుంది. రెండు ఒంటెలు, టీ కూజా, చెవిపోగులు, మూలన అది.

"భువనా, ఇలా రా. ఇదేంటి?"

"ఇదా... కుక్కండీ."

"కాదు!" ఆ "కాదు" బ్లాకు కింద దాకా వినబడి ఉంటుంది. "జురాంగ్! నువ్వు చెప్పవయ్యా!"

"ఎలుగుబంటి?"

"కాదు!"

"డ్రాగన్ లా!" అంది గుమ్మంలోంచి మిసెస్ లిమ్.

"నో!"

తోపులాట మొదలైంది. పంది, పునుగుపిల్లి, కంగారూ. కాదు, కాదు, కాదు. ఆంటీ చీర చెంగు వదిలేసింది. తప్పినవాళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనే చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి నవ్వు ఎవరో పెట్టింది కాదు.

"అంకుల్," అన్నాను నేను. నోటి చివర ఉన్నదాన్ని ఆపుకోవడం నాకు చేతకాదు. "నాకు తెలిసిపోయింది. వెనక్కి తిప్పి చూశాను."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆయన నా రెక్క పట్టుకున్నాడు, మొదటిరోజు పట్టుకున్నట్టే. ఈసారి లోపలికి కాదు, బయటికి. కారిడార్లో చెప్పుల మధ్య నిలబెట్టి, వెనక గేటు మూసేశాడు. దూరంగా కాజ్‌వే వంతెన మీద మలేషియా వైపు లారీలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

"చెవిలో చెప్పు."

చెప్పాను.

"అవును," అన్నాడు. "కరెక్టు."

అన్నాళ్ళు ఎదురుచూసిన మాట. చెప్పుల స్టాండు తప్ప ఎవరూ వినలేదు.

"మీకెలా తెలుసు? తిప్పి చూశారా?"

"నేనెందుకు చూస్తాను! కొన్న రోజే ఆవిడ చెప్పింది. నేను కాదన్నాను. కొట్టువాడు తిప్పి చూపించాడు. ఆవిడే గెలిచింది. నెల్లాళ్ళు ఎత్తిపొడిచిందిరా నన్ను." నవ్వాడు. తర్వాత చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు మా ఇంటికి రాకముందు ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆ డాక్టరమ్మాయి మంచిదే పాపం. కాగితం మీద బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. సింహం చెప్పింది. ఖడ్గమృగం దగ్గర నా మొహం చూసింది. నేను చెప్పకూడదట. తర్వాత ఒంటె. రోజూ ఆ ఒంటెల మీదే కూర్చుంటుంది, రాలేదు. ఇంటికొచ్చి వాటి మీదే కూర్చుని, 'నేను తప్పానా అండీ' అని అడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమనను? అప్పుడే ఏసీ బాగుచేసే అబ్బాయి వచ్చాడు. దేవుడు పంపినట్టు. వాణ్ణి నిలబెట్టి ఇదేంటన్నాను. ఆవు అన్నాడు. కాదన్నాను. సాయంత్రం అల్లుడొచ్చాడు. ఆయన్నీ కాదన్నాను. 'అయితే ఈయనా తప్పారా!' అని ఒకటే నవ్వు. అంత పెద్ద బ్యాంకు మనిషి తప్పాక తను తప్పితే ఏమైందని హాయిగా అన్నం తింది."

"స్పందనక్కకి చెప్పొచ్చు కదా?"

"చెబితే జాలిపడి కావాలని తప్పు చెబుతుంది. దాని మొహంలో ఏదీ దాగదు, వాళ్ళమ్మ పట్టేస్తుంది. నీకా గొడవ లేదు, నువ్వు నిజంగానే తప్పు చెబుతావని అందరికీ నమ్మకం."

దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. ఈ ఊళ్ళో నా మీద ఎవరికైనా నమ్మకం ఉందని తెలియడం అదే మొదలు. కానీ లోపల ఉడికిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక నాకు సరైన జవాబు దొరికింది ఒక్కటంటే ఒక్కటి. అదీ ఆంగ్ మో కియోలో సబ్బు నీళ్ళలో కూర్చుంటే దొరికింది. తలుపవతల సగం సింగపూర్ తెలుగువాళ్ళు దాని కోసం చెవులు రిక్కించుకుని ఉన్నారు.

అంకుల్ గేటు మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఇప్పుడు లోపలికెళ్తాం. నిన్నే అడుగుతాను, అందరి ముందూ. బాగా ఆలోచించినట్టు గడ్డం గోక్కుని తప్పు చెప్పరా, నిశాంతూ. ఏదైనా చెప్పు, నీ ఇష్టం. మేక మాత్రం అనకు, నిన్ను కాదంటే ఆవిడనీ కాదన్నట్టే. ఇవాళ మేక మీ ఆంటీది."